ఇచ్చిన మాత్ర ఒంటికి పట్టాలంటే



ఉపాధ్యాయ శిక్షణలో మాకు మొదట నేర్పే పాఠాలలో ఒకటి: బోధన వేరు, అభ్యసనం వేరు. మేము నల్లబల్ల మీద రాసినదంతా పిల్లల తలకెక్కినట్టు కాదు. ఇదే సంగతిని ఊళ్ళో పెద్దలు ఒక్క ముక్కలో చెబుతారు, "వాడికి చదువు ఒంటబట్టలేదు" అని. తిండి గురించి చెప్పేటప్పుడూ మన భాషలో అదే మాట. ఎంత పెట్టినా పిల్ల పీలగా ఉంటే "తిన్నది ఒంటికి పట్టడం లేదు" అంటాం. శాస్త్రవేత్తలు శోషణ అని పిలిచేది దీన్నే.

ప్రతి ఏటా మన సమాజంలో దాతలు పేద పిల్లల కోసం, గర్భిణుల కోసం టానిక్కులు, విటమిన్ మాత్రలు, పోషకాహార పొడులు కొనిస్తున్నారు. ఇచ్చే చేతికి అల్లాహ్ బర్కత్ ప్రసాదించుగాక. అయితే దానం అమానతు కూడా. వంద సీసాలు పంచామని లెక్క రాసుకోవడంతో మన పని అయిపోదు. ఆ సీసాలో ఉన్నది ఆ బిడ్డ రక్తంలోకి ఎంత చేరింది అన్నదే అసలు లెక్క. ఈ వ్యాసంలో ఆ లెక్కను ఎలా చూడాలో, తక్కువ ఖర్చుతో దాన్ని ఎలా పెంచవచ్చో వివరిస్తాం.

సమస్య ఎంత పెద్దది?

2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉంది. ఆరు నెలలు దాటి అయిదేళ్ళు నిండని పిల్లలలో నూటికి 63.2 మందికి ఉంది. అంతకు ముందు 2015–16 సర్వేలో స్త్రీల సంఖ్య 60. అంటే దాదాపు అయిదేళ్ళలో తగ్గింది నూటికి ఒకరి కంటే కాస్త ఎక్కువ మాత్రమే.

మాత్రలు లేక ఇలా జరిగిందా? కాదు. గర్భిణులకు ఐరన్ మాత్రలిచ్చే జాతీయ పథకం 1970లోనే మొదలైంది. 2018లో వచ్చిన 'అనీమియా ముక్త్ భారత్' కింద 5 నుంచి 9 ఏళ్ళ పిల్లలకు వారానికొక గులాబీ రంగు మాత్ర, 10 నుంచి 19 ఏళ్ళ పిల్లలకు వారానికొక నీలం రంగు మాత్ర, గర్భిణులకు రోజూ ఒక ఎర్ర మాత్ర చొప్పున కనీసం 180 రోజులు ఉచితంగా ఇస్తున్నారు. గులాబీ మాత్రలో 45 మిల్లీగ్రాముల ఇనుము, నీలం, ఎరుపు మాత్రలలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటాయి. వాటితో పాటు ఫోలిక్ యాసిడ్ కూడా ఉంటుంది. బడిలో మధ్యాహ్న భోజనం అయ్యాక ఈ మాత్రలు పంచేది మా ఉపాధ్యాయులమే.

మాత్ర ఇవ్వడానికీ రక్తం పెరగడానికీ మధ్య చాలా దూరం ఉంది. కొందరు మాత్ర మింగరు. మింగిన కొందరికి అది సరిగా ఒంటికి పట్టదు. మరికొందరికి రక్తహీనతకు కారణం ఇనుము కొరతే కాదు. మన రైవాడ జలాశయం తూము ఎత్తినప్పుడు వదిలిన నీరంతా చివరి ఆయకట్టు దాకా వెళ్ళదు కదా! కాలువలో పూడిక ఉంటే, గట్టు తెగితే, దారిలోనే పోతుంది. నీళ్ళు చాలడం లేదని తూము ఇంకా ఎత్తితే ప్రయోజనం లేదు. ముందు కాలువను చూసుకోవాలి.

ఇనుము వెళ్ళే దారి

మనిషి ఒంట్లో మొత్తం ఉండే ఇనుము మూడు నాలుగు గ్రాములే. అందులో ఎక్కువ భాగం రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఉంటుంది. మింగిన ఇనుము చిన్నపేగు మొదటి భాగంలో రక్తంలోకి వెళుతుంది. ఇక్కడ అల్లాహ్ మన శరీరంలో ఒక అద్భుతమైన ఏర్పాటు చేశాడు. ఎక్కువైన ఇనుమును బయటికి పంపే దారి ఒంటికి ప్రత్యేకంగా లేదు. అందుకని లోపలికి వచ్చే ద్వారం దగ్గరే కాపలా పెట్టాడు. కాలేయం తయారుచేసే హెప్సిడిన్ అనే హార్మోను ఆ కాపలాదారు. ఒంట్లో ఇనుము చాలినంత ఉంటే హెప్సిడిన్ పెరిగి ద్వారం మూసేస్తుంది. కొరత ఉంటే అది తగ్గి ద్వారం తెరుచుకుంటుంది. ఒంట్లో జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు కూడా హెప్సిడిన్ పెరుగుతుంది. అందుకే తరచూ జబ్బుపడే బిడ్డకు ఎన్ని టానిక్కులు పోసినా రక్తం పట్టడం ఆలస్యమవుతుంది.

ఒక మాత్ర వేసుకున్నాక కూడా ఈ కాపలాదారు దాదాపు ఒక రోజు పాటు అప్రమత్తంగా ఉంటాడు. స్విట్జర్లాండులోని జ్యూరిచ్ పరిశోధకులు ఇనుము తక్కువగా ఉన్న యువతులపై దీన్ని పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. 60 మిల్లీగ్రాముల ఇనుమును 14 రోజులు రోజూ ఇచ్చిన వారిలో నూటికి 16.3 పాళ్ళు ఒంటికి పట్టింది. అవే 14 మోతాదులను రోజు విడిచి రోజు ఇచ్చిన వారిలో 21.8 పాళ్ళు పట్టింది. కాబట్టి నిన్న మరచిపోయామని ఈ రోజు రెండు మాత్రలు కలిపి వేసుకుంటే రెట్టింపు రక్తం రాదు, కడుపులో తిప్పడం మాత్రం రెట్టింపవుతుంది. అయితే ఇది చదివి ఎవరూ తమంతట తాము మోతాదు మార్చుకోవద్దు. ముఖ్యంగా గర్భిణులు రోజూ వేసుకోమని డాక్టరు చెబితే రోజూ వేసుకోవాలి.

మామూలు తిండిలో ఉన్న ఇనుము ఇంకా తక్కువ పడుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం వయోజన స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము ఆహారంలో ఉండాలి. అంత ఎందుకంటే మన అన్నం, పప్పు, కూరల్లోని ఇనుములో నూటికి 8 పాళ్ళు మాత్రమే ఒంటికి పడుతుందని లెక్క వేశారు.

నీలం మాత్రలో ఒక తెలుగువాడి శ్రమ

ఒంటికి పట్టకపోవడం ఎంత ప్రమాదమో తెలిసిన ఒక తెలుగు శాస్త్రవేత్తను ఇక్కడ తలచుకోవాలి. ఆయన 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులు ఇద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే వ్యాధితో చనిపోయారు. ఈ వ్యాధిలో చిన్నపేగు లోపలి పొర పాడవుతుంది. విరేచనాలు ఆగవు. తిన్నది ఏదీ ఒంటికి పట్టదు. ఇంట్లో తిండి ఉన్నా మనిషి శల్యమైపోతాడు.

సుబ్బారావు మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి 1923లో అమెరికా వెళ్ళారు. ఆ ప్రయాణానికి సాయం చేస్తామని మాట ఇచ్చిన వాటిలో కాకినాడకు చెందిన మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఒకటి. మామగారు కూడా డబ్బు సమకూర్చారు. తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలో పనిచేసిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఆ వెంటనే వైద్యులు దాన్ని స్ప్రూ రోగులకు ఇచ్చి మంచి ఫలితం చూశారు. సోదరులను తీసుకుపోయిన జబ్బుకు మందు దొరికింది. ఆయన 1948లో మరణించారు.

ఫోలిక్ యాసిడ్ కథలో మన సమాజానికి సంబంధించిన ఒక అధ్యాయం కూడా ఉంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయి వచ్చి గర్భిణులలో తీవ్రమైన రక్తహీనత మీద పరిశోధన చేశారు. ఆ రక్తహీనత పేద ముస్లిం స్త్రీలలో ఎక్కువగా ఉందని, వారి తిండి అందరికంటే నాసిగా ఉందని ఆమె గమనించారు. ఈస్టు సారంతో తయారైన మార్మైట్ ఇస్తే వారు కోలుకున్నారు. అందులో మేలు చేసిన పదార్థమే ఫోలేట్ అని తర్వాత తేలింది. ఆకుకూరల్లోనూ ఇది ఉంటుంది. లాటిన్‌లో ఆకు అనే మాట నుంచే దానికి ఆ పేరు వచ్చింది.

ఒంటికి పట్టే విషయంలో ఇనుముకూ ఫోలిక్ యాసిడ్‌కూ చాలా తేడా. తిండిలోని సహజ ఫోలేట్ సుమారు సగం ఒంటికి పడితే, మాత్రలోని ఫోలిక్ యాసిడ్ అన్నంతో తీసుకున్నా నూటికి 85 పాళ్ళు పడుతుంది. అంటే ఒకే నీలం మాత్రలో ఒక పదార్థం చాలా వరకు పడుతుంది, మరొకటి కొంచెమే పడుతుంది. మన శ్రద్ధ అవసరమైనది ఆ రెండోదానికి.

దారికి అడ్డం వచ్చేవి

మొదటిది చాయ్. మన ఇళ్ళలో అతిథి వస్తే చాయ్, అన్నం అయ్యాక చాయ్. టీలోని వగరు పదార్థాలు ఇనుమును పట్టుకుని పేగు దాటనివ్వవు. 1983లో ప్రచురితమైన ఒక అమెరికన్ పరిశోధనలో భోజనంతో ఒక కప్పు టీ తాగితే ఆ భోజనంలోని ఇనుము ఒంటికి పట్టడం 64 శాతం తగ్గింది. కాఫీతో 39 శాతం తగ్గింది. భోజనానికి గంట ముందు తాగిన కాఫీ వల్ల నష్టం లేదు. గంట తర్వాత తాగితే మాత్రం కలిపి తాగినంత నష్టమూ జరిగింది. కాబట్టి తాగాలనుకుంటే ముందే తాగాలి. మాత్ర వేసుకున్నాక కనీసం రెండు గంటలు టీ, కాఫీ జోలికి పోకూడదు.

రెండోది పాలు, క్యాల్షియం. బలమని పాలతో ఐరన్ మాత్ర వేసే తల్లులు చాలామంది ఉన్నారు. క్యాల్షియం ఇనుముకు అడ్డు తగులుతుంది. గర్భిణులకు రెండు మాత్రలూ ఇస్తారు కనుక వాటిని వేరు వేరు వేళల్లో వేసుకోవాలి.

మూడోది గింజల్లో ఉండే ఫైటేట్. చోళ్ళు, పప్పులు, గోధుమలలో ఇనుము ఉన్నా ఫైటేట్ దాన్ని కట్టిపడేస్తుంది. దీనికి మన పెద్దల వంటలోనే విరుగుడు ఉంది. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వల్ల ఫైటేట్ తగ్గుతుంది. రాత్రి కలిపి ఉంచి పొద్దున తాగే చోడి అంబలి, పులిసిన పిండితో వేసే ఇడ్లీ, మొలకెత్తిన పెసలు ఈ కారణంగానే మంచివి.

నాలుగోది మందులు. గ్యాస్ కోసం రోజూ వేసుకునే మాత్రలు కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తాయి. ఇనుము కరగడానికి ఆ ఆమ్లం కావాలి. థైరాయిడ్ మాత్రకూ ఐరన్ మాత్రకూ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. లేకపోతే ఐరన్ ఆ మందును పనిచేయనివ్వదు.

అయిదోది నులిపురుగులు. వీటిలో హుక్‌వార్మ్ అనే కొంకి పురుగు వట్టి కాళ్ళతో మట్టిలో తిరిగే పిల్లల పాదాల చర్మం గుండా లోపలికి వెళ్ళి, పేగుకు అతుక్కుని రక్తం పీలుస్తుంది. ఇలాంటి చోట టానిక్ పోయడం చిల్లుకుండలో నీళ్ళు పోయడమే. ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నివారణ దినం సందర్భంగా బడుల్లో, అంగన్వాడీల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర అందుకే. ఆ రోజు బిడ్డను బడి మాన్పించకండి.

దారికి తోడు వచ్చేవి

ఇనుముకు మంచి నేస్తం విటమిన్ సి. నిమ్మకాయ, ఉసిరికాయ, జామపండు మన దగ్గర దొరికేవే. 100 గ్రాముల జామపండులో సుమారు 200 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది. అన్నం అయ్యాక మాత్రతో పాటు ఒక జామకాయ తిన్న పిల్లకూ, మాత్ర వేసుకుని టీ తాగిన పిల్లకూ మాత్ర ఒకటే, రక్తంలో చేరే ఇనుము ఒకటి కాదు.

రెండో నేస్తం మాంసం. మాంసంలో ఉండే హీమ్ ఇనుము నూటికి 15 నుంచి 35 పాళ్ళ దాకా ఒంటికి పడుతుంది. టీ, ఫైటేట్ దాన్ని అంతగా ఆపలేవు. పైగా మాంసం పక్కనే ఉన్న పప్పు, ఆకుకూరల ఇనుమును కూడా వెంట తీసుకుపోతుంది. బక్రీద్‌నాడు పేదల వాటాగా పంచే ఖుర్బానీ మాంసం పోషకంగా కూడా ఎంత విలువైనదో దీన్ని బట్టి గ్రహించవచ్చు. ఇంట్లో మగవారి పళ్ళెంలోకే ముక్కలన్నీ పోకుండా, ఆడపిల్లకు, బాలింతకు కూడా వాటా అందేలా ఇంటి పెద్ద చూడాలి.

మన అనకాపల్లి, చోడవరం బెల్లం మీద మాకూ అభిమానమే. ఇనప మూకుడులో వండిన పులుసు కూరలో కొంత ఇనుము చేరుతుందన్న మాటా నిజమే. ఇవి రోజువారీ తిండికి తోడ్పడతాయి. కానీ రక్తహీనత వచ్చేసిన పిల్లకు బెల్లం ముక్క, రెండు ఖర్జూరాలు మాత్రకు బదులు కావు.

రేషన్ బియ్యంలో అక్కడక్కడ కాస్త తేడాగా కనిపించే గింజలు ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి తయారుచేసినవి. వంద గింజలకు ఒకటి చొప్పున కలుపుతారు. వాటిని ఏరి పారేస్తే పోషకాన్ని ఏరి పారేసినట్టే.

ఒక చిన్న లెక్క

తరగతి గదిలో చేయించే లెక్కలాగే దీన్నీ చేద్దాం. ఒక అమ్మాయి ఒంట్లో మూడు లీటర్ల రక్తం ఉందనుకుందాం. ఆమె హిమోగ్లోబిన్ ఒక్క గ్రాము పెరగాలి, అంటే 10 నుంచి 11కి రావాలి. ఈ కొలత ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తానికి. మూడు లీటర్లకు మొత్తం 30 గ్రాముల హిమోగ్లోబిన్ కొత్తగా తయారవ్వాలి. ఒక గ్రాము హిమోగ్లోబిన్‌లో సుమారు 3.4 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. కనుక కావలసిన ఇనుము సుమారు 100 మిల్లీగ్రాములు.

వారానికొక నీలం మాత్ర చొప్పున 40 వారాలు వేస్తే ఆమె మింగే ఇనుము 2,400 మిల్లీగ్రాములు. అందులో పదో వంతు పట్టిందనుకుంటే 240. టీ వల్ల, పాల వల్ల అది సగానికి తగ్గిందనుకుంటే 120. సగం వారాలు మాత్రను కిటికీలోంచి పారేసిందనుకుంటే 60. నెలసరిలో పోయే రక్తాన్ని కూడా తీసేస్తే చేతిలో మిగిలేది ఏమీ ఉండదు. ఇచ్చే మాత్రలు పెంచకుండానే 60ని 240 చేయగలిగే అవకాశం మన చేతిలో ఉందన్నమాట.

పిల్లలు మాత్ర ఎందుకు పారేస్తారు? "మేష్టారూ, మాత్ర ఏసుకుంటే కడుపులో తిప్పుతున్నాదంట, మలం నల్లగా వస్తే పిల్ల భయపడిపోతన్నాది" అని తల్లులు మాతో చెబుతారు. మలం నల్లబడడం ఒంటికి పట్టని ఇనుము బయటికి పోవడమే, భయం లేదు. ఖాళీ కడుపుతో వేసుకుంటే ఇనుము కాస్త ఎక్కువ పట్టే మాట నిజమే. కానీ వాంతి చేసుకున్న మాత్ర కంటే అన్నం తిన్నాక నిలిచిన మాత్ర మేలు. బడిలో భోజనం తర్వాతే ఇవ్వడానికి కారణం ఇది.

మిగతా పోషకాల సంగతి

ఒక్కో పోషకానికి ఒక్కో దారి. విటమిన్ డి కొవ్వులో కరుగుతుంది కనుక నూనె, నెయ్యి ఉన్న భోజనంతో తీసుకుంటే బాగా పడుతుంది. ఎక్కువగా ఇంటిపట్టునే ఉండే మన స్త్రీలు పెరట్లోనో డాబా మీదనో కాసేపు ముఖానికి, చేతులకు ఎండ తగలనివ్వాలి. 60,000 యూనిట్ల మోతాదును డాక్టరు చెప్పకుండా వాడకూడదు, అది ఒంట్లో పేరుకుంటుంది. విటమిన్ ఎ కాలేయంలో నిల్వ ఉంటుంది కనుకనే చిన్నపిల్లలకు ఆరు నెలలకొకసారి చుక్కలు వేస్తే సరిపోతుంది.

క్యాల్షియం ఒక్కసారికి 500 మిల్లీగ్రాములు దాటితే బాగా పట్టదు. వెయ్యి మిల్లీగ్రాముల మాత్ర ఒకటి కంటే 500వి రెండు, వేరు వేరు పూటల్లో అన్నంతో వేసుకోవడం మంచిది. బి12 విటమిన్‌కు కడుపులో తయారయ్యే ఒక ప్రత్యేక ప్రోటీను తోడు కావాలి. ఆ దారిలో ఒక్కసారికి రెండు మైక్రోగ్రాములకు మించి పోదు. పెద్ద మోతాదు మింగితే మిగిలినదాంట్లో నూటికి ఒక పాలు మాత్రం మామూలుగా లోపలికి జారుతుంది. షుగరుకు మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్ళుగా వాడుతున్న పెద్దలలో బి12 తగ్గవచ్చు, పరీక్ష చేయించాలి.

క్యాప్సూల్ పైపొర జంతు జెలటిన్‌తో చేసినదేమో అన్న సందేహం మనవారిలో చాలామందికి ఉంది. అలాంటివారు మామూలు మాత్రలనో, మొక్కల పదార్థంతో చేసిన క్యాప్సూళ్ళనో అడిగి తీసుకోవచ్చు. దానివల్ల పోషకం ఒంటికి పట్టడంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు.

రంజాన్ నెలలో వేళలు మారతాయి. రోజా విడిచి కొంచెం తిన్నాక నిమ్మకాయ షర్బత్‌తో ఐరన్ మాత్ర వేసుకుని, చాయ్‌ని తరావీహ్ తర్వాతకు వాయిదా వేయండి. పాలు, క్యాల్షియం సహరీలో తీసుకోండి. హలీమ్ మీద నిమ్మరసం పిండుకోవడం రుచికే కాదు, అందులోని గోధుమ, పప్పుల ఇనుము పట్టడానికీ మంచిది. గర్భిణులకు, బాలింతలకు, రోగులకు షరీఅత్ ఇచ్చిన వెసులుబాటును ఉలమాలను, డాక్టరును అడిగి వాడుకోవాలి.

ఇవ్వకూడని చోట

రక్తం తక్కువగా ఉన్న ప్రతివారికీ ఇనుము మందు కాదు. తలసీమియా, సికిల్ సెల్ జబ్బులు పుట్టుకతో వస్తాయి. తరచూ రక్తం ఎక్కించుకునే తలసీమియా పిల్లల ఒంట్లో ఇనుము అప్పటికే ఎక్కువ. వారికి ఐరన్ టానిక్ హాని చేస్తుంది. మేనరికాలు, దగ్గరి సంబంధాలు చేసుకునే కుటుంబాలలో ఇలాంటి జబ్బుల అవకాశం ఎక్కువ కనుక మనవారు ఇంకా జాగ్రత్త పడాలి. నెల రోజులు సరిగ్గా మాత్రలు వాడినా హిమోగ్లోబిన్ ఒక గ్రాము కూడా పెరగకపోతే టానిక్ మార్చడం కాదు, పెద్ద ఆస్పత్రిలో కారణం వెతికించాలి.

ఇంకొక హెచ్చరిక. ఎర్రగా, తియ్యగా కనిపించే ఐరన్ మాత్రలను చిన్నపిల్లలు మిఠాయి అనుకుని గుప్పెడు మింగితే ప్రాణాపాయం. మాత్రలు పంచే ప్రతి ఇంట్లో ఈ మాట తప్పక చెప్పాలి.

దాతలకు మా మనవి

ఇంతవరకు చెప్పిన పాఠం నుంచి కొన్ని పనులు తేలుతున్నాయి.

1. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాత్రకు పోటీగా ఖరీదైన టానిక్ కొనడం కంటే, ఆ మాత్ర ఒంటికి పట్టేలా చేసే వాటి మీద ఖర్చు చేద్దాం. నిమ్మకాయలు, జామపండ్లు, పిల్లలకు చెప్పులు, మరుగుదొడ్డి లేని ఇంటికి మరుగుదొడ్డి కట్టుకునే సాయం ఇందులోకి వస్తాయి.

2. ఏదైనా కొనవలసి వస్తే సీసా మీది బొమ్మను కాక, అచ్చు వేసిన లెక్కను చదవాలి. ఫెర్రస్ ఫ్యూమరేట్‌లో మూడో వంతు, ఫెర్రస్ గ్లూకోనేట్‌లో ఎనిమిదో వంతు మాత్రమే అసలు ఇనుము. ఎలిమెంటల్ ఐరన్ అని రాసిన అంకె చూసి ధరలు పోల్చాలి.

3. రంజాన్ కిట్‌లో టీ పొడి పెట్టే చోట నాలుగు నిమ్మకాయలు, మాత్ర ఎప్పుడు వేసుకోవాలో తెలుగులో, ఉర్దూలో అచ్చువేసిన చిన్న కాగితం కూడా పెట్టాలి.

4. సాయం పొందే ప్రతి ఆడపిల్లకు, గర్భిణికి ఒక కార్డు ఇవ్వాలి. మొదట ఒకసారి, నెలకు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించి అందులో రాయాలి. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం సాయం తీసుకుంటే దీనికి పెద్ద ఖర్చు అవ్వదు.

5. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చిందని వెంటనే మాత్రలు మానేయకుండా, డాక్టరు చెప్పినంత కాలం వాడేలా ఇంటివారికి గుర్తు చేయాలి. ఒంట్లో నిల్వలు నిండడానికి ఇంకా సమయం పడుతుంది.

6. వచ్చే ఏడాది వార్షిక నివేదికలో 'ఎన్ని సీసాలు పంచాం' అన్న గడి పక్కన 'ఎంతమందికి రక్తం పెరిగింది' అన్న గడి ఒకటి కలపాలి.

రక్తం తక్కువైన పిల్ల బడిలో ముందు వరుసలో కూర్చున్నా పాఠం వినలేదు. కళ్ళు మూతలు పడతాయి, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. ఆ పిల్లను మొద్దు అని అనేస్తారు, పదో తరగతి దాటకుండా చదువు మాన్పించేస్తారు. తర్వాత అదే రక్తహీనతతో ఆమె తల్లి అవుతుంది. మీరిచ్చే ఫీజు, పుస్తకాలు, యూనిఫాం ఆమెకు అక్కరకు రావాలన్నా ముందు ఆమె ఒంట్లో రక్తం ఉండాలి. మాత్ర ఒంటికి పడితేనే చదువు ఒంటబడుతుంది.

మీ దానాలను అల్లాహ్ స్వీకరించి, వాటి ఫలితాన్ని మన బిడ్డల ఆరోగ్యంలో చూపించుగాక. ఆమీన్.